అద్దాల గదికి ఎన్ని టన్నులు?

ఆ రోజు పొద్దున స్టాన్లీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, బస్టాండు దగ్గరి దత్తు దుకాణానికి వెళ్లి మేడమీది అద్దాల గదికి ఒక ఏసీ మాట్లాడుకోవాలి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేయాలి. ఏసీ బిగించాక ఆ గదిలో భార్య లిల్లీ పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా ఆకాశం చూడాలి. అంతకన్నా పెద్ద కోరిక ఆయనకు ఆ వయసులో ఇంకేదీ లేదు.

నారాయణఖేడ్ బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసి రిటైరైన మనిషి స్టాన్లీ. ఉద్యోగమంతా మైకు ముందు కూర్చుని బీదర్, జహీరాబాద్, మనూర్ అంటూ ఊళ్ల పేర్లు పిలుస్తూనే గడిచిపోయింది. చెవుల్లో హారన్లు, నోట్లో దుమ్ము. అలాంటి రోజుల్లో ఒకసారి యూనియన్ వాళ్లతో కలిసి ఊటీ వెళ్లాడు. అక్కడి పూలతోటలో ఒక అద్దాల ఇల్లు కనిపించింది. బయట వాన కురుస్తోంది. లోపల పూలకుండీల మధ్య ముసలి దంపతులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాన అద్దాల మీంచి జారుతుంటే వాళ్లు దాన్నే చూస్తున్నారు తప్ప ఒకరినొకరు పలకరించుకోవడం కూడా లేదు. తోటివాళ్లు వెతుక్కుంటూ వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్లేదాకా స్టాన్లీ అక్కడే తడుస్తూ నిలబడిపోయాడు.

ఆ తడి ఆయన్ను మళ్లీ వదల్లేదు. రిటైరవగానే బీదర్ నుంచి అల్యూమినియం పనివాళ్లను పిలిపించి, మేడ మీద మూడు వైపులా అద్దాలతో, పైకప్పు కూడా సగం అద్దంతో ఒక గది కట్టించాడు. ఖేడ్‌లో అలాంటి గది అంతకుముందు ఎవరూ చూడలేదు. లిల్లీ మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అద్దాల పెట్టెల కూసునేటందుకు మనమేమన్న మిఠాయి దుకాణంల జిలేబీలమా?" అని అడిగింది.

క్రిస్మస్ నాటికి గది సిద్ధమైంది. ఆ చలికాలమంతా అది గది కాదు, స్వర్గం. ఎర్రమట్టి చేల మీదుగా వచ్చే ఎండ అద్దాల్లోంచి దిగి ఒళ్లో పడుకునేది. స్టాన్లీ కళ్లు మూసుకుంటే చాలు, వాన చప్పుడు వినిపించేది. లోటు ఒక్కటే, పక్క కుర్చీలో లిల్లీ ఉండేది కాదు. ఆమె చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులు చేసి, సూదులు వేసి రిటైరైన నర్సు. ఆమె రిటైరైందన్న సంగతి జనం ఒప్పుకోలేదు. ఆమె మేడ మెట్లెక్కి కుర్చీలో కూర్చుందో లేదో, కింద నుంచి "నర్సమ్మా!" అని ఎవరో ఒకరు పిలిచేవారు. ఆమె లేచి వెళ్లిపోయేది. పెళ్లయిన నాటి నుంచి స్టాన్లీ ఆమెను ఎక్కువగా చూసింది అలా లేచి వెళ్తున్నప్పుడే. ఆ మాట ఎవరితోనూ అనలేక, ఆయన గది కట్టించుకున్నాడు.

శివరాత్రి దాటేసరికి స్వర్గం కాస్తా బట్టీ అయింది. మనీప్లాంటు ఆకులు అప్పడాలయ్యాయి. క్రిస్మస్‌కి వెలిగించి వదిలేసిన కొవ్వొత్తి కిటికీ దగ్గర నడుం వంచి నేలకు దండం పెట్టింది. "ఒక్క ఏసీ పెట్టిస్తే పగలంత కూసోవచ్చు లిల్లీ," అన్నాడు స్టాన్లీ. "పెట్టియ్యి. జిలేబీలు ఐస్‌క్రీములైతయ్," అంది లిల్లీ, ఎవరి చేతికో బీపీ పట్టీ చుడుతూ.

దత్తు దుకాణంలో కూలర్లు, ఫ్రిజ్‌లు రిపేరు చేస్తారు. అడిగినవాళ్లకు పట్నం నుంచి ఏసీలు తెప్పించి బిగిస్తారు. రెండువేల పదకొండులో ఖేడ్‌లో ఏసీ అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే స్టాన్లీ నోరు తెరవగానే దత్తు స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, పెద్ద డాక్టరు లాగా కుర్చీలో సర్దుకున్నాడు.

"గది ఎంతుంటది కాకా?"

"పొడుగు పన్నెండు, వెడల్పు పది."

"ఎండ ఏ దిక్కు నుంచి కొడ్తది?"

"అన్ని దిక్కుల నుంచి."

"పైన స్లాబేనా?"

"సగం స్లాబు, సగం అద్దం."

దత్తు తల గోక్కున్నాడు. "గది కట్టినవా, పొయ్యి కట్టినవా? మామూలు గదైతే ఒక టన్ను సాల్తది. గీ అద్దాలకు ఒకటిన్నర లేనిది కాదు. ఇగ చెప్పు, లోపట ఎంతమంది కూసుంటరు?"

"ఇద్దరం."

"కాకా, డాక్టరు కాడ, ఏసీ మెకానిక్ కాడ అబద్ధం చెప్పొద్దు. నర్సమ్మ ఇంట్ల ఇద్దరే కూసున్న రోజు ఎన్నడన్న ఉన్నదా?"

స్టాన్లీ బల్ల మీది దుమ్మును వేలితో తుడవసాగాడు.

"మనిషంటె ఉత్తగ కాదు కాకా. ఒక్కొక్కరు ఒక వంద క్యాండిల్ బల్బు. ఎంతమంది కూసుంటె గన్ని బల్బులు పెట్టినట్టే. రేపు గది సల్లగ గాకుంటె నా దుకాణం పేరు ఖరాబైతది. ఇంటికి పోయి మంచిగ లెక్కవెట్టుకొని రా."

స్టాన్లీ ఇంకో మాట అనేలోపే, పాత ఫ్యాను ఒళ్లో పెట్టుకుని పక్క స్టూలు మీద కూర్చున్న టైలర్ మొగులప్ప తలెత్తాడు. "స్టాన్లీ, నన్ను లెక్కవెట్టినవా?"

ఇక్కడ ఖేడ్ వాళ్ల మర్యాద ఒకటి చెప్పాలి. పెళ్లికైనా, ప్రార్థనకైనా, బోరంచ పోచమ్మ దగ్గర మొక్కు తీర్చుకోవడానికైనా, అన్నం వండేముందు మనుషుల్ని లెక్కపెడతారు. లెక్కలో ఉన్నవాడు మనవాడు. ఎవరినైనా ఆ లెక్క నుంచి తప్పించడమంటే తెగతెంపులు చేసుకోవడమే. ఎదురుగా నిలబడి "నన్ను లెక్కపెట్టావా" అని అడిగిన మనిషికి లేదని చెప్పిన వాడు ఆ ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు.

"నిన్ను లెక్కవెట్టకుంట ఉంటనా మొగులన్నా," అన్నాడు స్టాన్లీ. అనేశాక గానీ ఆ మాట ఎక్కడిదాకా పోతుందో ఆయనకు తట్టలేదు.

అది మనూరు దాకా పోయింది. మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో దిగి స్టాన్లీ అక్క ఎలీసబెతు గడపలో కూర్చుంది. లిల్లీ మంచినీళ్లు ఇస్తే ముట్టుకోలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"టైలర్ మొగులప్పకు జాగ ఉన్నదంట. సంకలేసుకొని పెంచిన అక్కకు లేదంట. మంచిగనే ఉన్నది తమ్మీ."

"ఎవరన్నరక్కా లేదని? నువ్వు లేకుంట లెక్క ఉంటదా?"

"నా కోడలు రోజ?"

"రోజ గూడ."

"రోజ పిల్లలు ఏం పాపం జేసిండ్రు?"

పిల్లలు కూడా లెక్కలోకి ఎక్కారు. అప్పుడు ఎలీసబెతు నీళ్లు తాగింది. సాయంత్రం లైన్‌మన్ నాగయ్య వచ్చాడు, ఇంటి లైను ఏసీని మోస్తుందో లేదో చూడమని దత్తు పంపాడట. స్తంభం వైపు ఒకసారి, స్టాన్లీ వైపు ఒకసారి చూశాడు. "లైనంటె సరిచేస్త. గని నర్సమ్మ చేతుల మీద నా బిడ్డ పుట్టింది. నేను పరాయోన్నా?" అన్నాడు. కరెంటు పంపే మనిషిని లెక్కలోంచి తీసేసి ఏసీ పెట్టుకోవడం తెలివైన పని కాదు. నాగయ్యతో పాటు ఆయన ఇంటివాళ్లనూ కలిపారు. నాగయ్య ఇంటి పక్కవాళ్లు మరునాడు వాళ్లంతట వాళ్లే వచ్చి కలిశారు.

లెక్క పెరిగినప్పుడల్లా స్టాన్లీ దత్తుకు ఫోను చేసేవాడు. లెక్క చెబుతున్నంతసేపూ దత్తు ఊఁ కొట్టేవాడు, చివరికి ఒకరోజు అర టన్ను కలిపాడు. "ఒకటిన్నర సాలది కాకా. రెండు. గంతకన్న పెద్దది పెడ్తె నీ అద్దాలు మోయవు. ఇగ ఎవ్వరిని లెక్కవెట్టకు." ఆ చివరి మాట పాటించాలని స్టాన్లీ నిజంగానే అనుకున్నాడు. అనుకుంటూ మేడెక్కి, కాలే నేల మీద చెప్పులతో నిలబడి, రెండు టన్నుల చల్లదనంలో లిల్లీ తన పక్కన కునుకు తీస్తున్నట్టు ఊహించుకున్నాడు. ఆ ఊహలో మొగులప్ప లేడు, నాగయ్య లేడు. ఎలీసబెతు కూడా లేదు, దేవుడు క్షమించుగాక.

ఆదివారం చర్చిలో స్టాన్లీ ఎప్పటిలాగే గోడవారన కూర్చున్నాడు. ప్రసంగం సాగుతోంది. ఫ్యాను గాలి నుదుటికి తగులుతోంది. ఎక్కడో అద్దాల మీద వాన మొదలైంది. ముందు చినుకులు, తర్వాత ధారలు. పక్కన లిల్లీ. ఆమె చేతిలో బీపీ పట్టీ లేదు. ఆమెను పిలిచేవారూ లేరు. ఆ వానలో ఎంతసేపు ఉన్నాడో గానీ, ఎవరో తన పేరు అన్నట్టు వినిపించి ఉలిక్కిపడ్డాడు. చర్చిలో మనిషి ఉలిక్కిపడితే నోటికి వచ్చే మాట ఒక్కటే. "ఆమెన్!" అన్నాడు స్టాన్లీ, గట్టిగా.

జనమంతా వెనక్కి తిరిగి నవ్వారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. బయటికి వచ్చాక గానీ ఆయనకు విషయం తెలియలేదు. సంఘ పెద్ద యోసేపు ప్రకటనల్లో, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక స్టాన్లీ ఇంట్లో చల్లగది కృతజ్ఞత కూడిక అనీ, భోజనాలు కూడా అక్కడేననీ చదివాడు. బండి కొన్నా, బోరు వేయించినా, బర్రె ఈనినా ముందు ప్రార్థన, తర్వాత అన్నం ఆ సంఘం పద్ధతి.

"యోసేపన్నా, కూడిక పెడ్తనని నేనెన్నడు అన్న?"

"గంతమందిని లెక్కవెడ్తున్నవంటె కూడిక కాక ఇంకేంది? నీకు అడగనీకి సిగ్గైతుందేమోనని నేనే సదివిన. నువ్వు ఆమెన్ గూడ అన్నవ్ గద."

ఆమెన్‌ను వెనక్కి తీసుకునే పద్ధతి ఏ సంఘంలోనూ లేదు.

వారం గడిచింది. శనివారం దత్తు ఏసీ బిగించాడు. ఆదివారం స్టాన్లీ చర్చికి బయల్దేరేముందు ఒకసారి నడిపి చూపించి కిందికి దిగాడు. స్టాన్లీ ఒక్కడే గదిలో మిగిలాడు. బయట ఎండ కణకణలాడుతోంది, లోపల ఊటీ. అద్దానికి నుదురు ఆనించాడు. దూరంగా మనూరు దారిలో బస్సొకటి దుమ్ము లేపుకుంటూ పోతోంది. దాని చప్పుడు ఇక్కడికి రావడం లేదు. ఆయన మెట్ల దగ్గరికి వెళ్లి కేకేశాడు.

"లిల్లీ! ఒక్కసారి పైకి రా!"

"వస్తున్న, బగారకు నీళ్లు పోసి వస్త!" అని కింద నుంచి సమాధానం వచ్చింది. ఆమె మాత్రం రాలేదు. అన్నం ఉడికే పెద్ద గంజుల దగ్గర ఆమె చుట్టూ ఆడవాళ్లు మూగి ఉన్నారు.

ఆరాధన వదలగానే జనం వచ్చారు. లెక్కలో ఉన్నవాళ్లు వచ్చారు, లెక్కలో ఉన్నామని అనుకున్నవాళ్లు వచ్చారు, లెక్క సంగతి తెలియక మటన్ వాసన పట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి కోసం కట్టిన గదిలోకి మనిషి వెనక మనిషి జొరబడి, భుజాలు పక్కకు తిప్పి నిలబడ్డారు. కుర్చీలు బయట పడ్డాయి. ఎలీసబెతు సరిగ్గా ఏసీ కింద స్థలం సంపాదించి, మొగులప్పను మోచేత్తో అటు నెట్టింది. వంద క్యాండిల్ బల్బులు అన్నీ ఒకేసారి వెలిగాయి. ఏసీ పళ్లు బిగించి పనిచేయసాగింది.

యోసేపు ప్రార్థన మొదలుపెట్టాడు. ముందు ఏసీ కోసం, తర్వాత ఇంటి కోసం, తర్వాత సంఘం కోసం. ఆ ఏడు చినుకు లేదు కనుక వానల కోసమూ అడగడం మొదలుపెట్టాడు. "ప్రభువా, మా చెరుకు చేన్లు ఎండుతున్నయ్. మా బోర్లు ఎండుతున్నయ్. ఆకాశం తెరువు తండ్రీ, వాన కుమ్మరించు తండ్రీ!" స్టాన్లీ కళ్లు మూసుకుని ఉన్నాడు. చినుకు చప్పుడు వినిపించింది. మళ్లీ కలేననుకున్నాడు. తర్వాత రెండు, మూడు, ధార. ఇంత నిజంగా ఎప్పుడూ వినిపించలేదే అని అబ్బురపడుతూ ఆ చప్పుడునే వింటూ ఉండిపోయాడు.

ఆ ధార పడుతున్నది యోసేపు నెత్తిమీద. ఇంతమంది ఊపిరిలోని తేమను లాగి ఏసీ ఊరించిన నీళ్లు పోయే పైపును బయట నాగయ్య తొక్కి నిలబడ్డాడు, నీడ అక్కడే ఉంది మరి. పోయే దారిలేని నీళ్లు లోపలికి దిగాయి.

"వాన!" అంది ఎలీసబెతు కళ్లు తెరవకుండానే. "వాన పడ్తుంది! స్తోత్రం!"

మెట్ల మీద నిలబడ్డవాళ్లకు "వాన" అన్నది ఒక్కటే వినిపించింది. మేడ మీద దేవుడు జవాబిస్తున్నాడని కింద ఉన్నవాళ్లు కూడా పైకి తోసుకొచ్చారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఎండాకాలం ఆ వేళకు కరెంటు పోవడం ఖేడ్‌లో మామూలే. దాన్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

ఏసీ మూలిగి ఆగిపోయింది. అద్దాల గది తన అసలు గుణం చూపించింది. లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి. "తమ్మీ, కాల్చి సంపనీకి పిలిచినవా?" అని ఎలీసబెతు కేక. "నాగయ్యా, కరెంటియ్యి!" అని మొగులప్ప. "నా చేతుల ఏమున్నది, సబ్‌స్టేషన్‌ల తీసిండ్రు!" అని నాగయ్య. యోసేపు ఆ గందరగోళంలోనే ఆమెన్ చెప్పి ప్రార్థన ముగించాడు. ఆయన నోట అంత చిన్న ముగింపు సంఘం అంతకుముందు వినలేదు.

కింద హాల్లో విసనకర్రలు ఊపుకుంటూ, బగారా అన్నం తింటూ అందరూ ఒకే తీర్మానం చేశారు, ఆ గది మనుషులది కాదని. అప్పుడు గరిటె పట్టుకుని లిల్లీ గడపలో నిలబడింది.

"దత్తూ, రేపు గా ఏసీ ఊడదీసి గీ హాల్ల పెట్టు. అందరు సల్లగ కూసుంటరు."

"శాబాష్ నర్సమ్మా!" అన్నాడు మొగులప్ప. అందరూ మెచ్చుకున్నారు. స్టాన్లీ మాత్రం చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. ఊరంతా ఆ గదిని తిట్టినా ఆయనకు బాధ లేదు. చివరికి లిల్లీ కూడా వాళ్లతో కలిసింది. తాను ఎవరి కోసం ఆ గది కట్టాడో ఆమెకు ఒక్కనాడైనా అర్థం కాలేదని అనుకున్నాడు. ఆమెను ఒక్క మాటా అనకుండా చేయి కడుక్కున్నాడు.

మర్నాడు ఏసీ కిందికి దిగింది. ఆ మధ్యాహ్నం కరెంటు రాగానే హాలు నిండింది. ఎలీసబెతు మనూరు ఆటో ఎక్కనంది. మొగులప్ప గుండీలు కుట్టే పని తెచ్చుకున్నాడు. ఓల్టేజి చూడడానికని వచ్చిన నాగయ్య గోడకు ఆనుకుని ఓల్టేజి సంగతి మరిచిపోయాడు. యోసేపు బైబిలు తెరిచి, అదే పేజీ దగ్గర నిద్రపోయాడు. ఆ సందడిలో స్టాన్లీ మెల్లగా లేచి మేడెక్కాడు. ఎవరూ గమనించలేదు.

పొద్దు వాలుతోంది. అద్దాలు ఇంకా సెగ కక్కుతున్నాయి. చేల మీద ఎర్రటి దుమ్ము తేలుతోంది, దాని వెనక సూర్యుడు పెద్దగా, మెత్తగా కనిపిస్తున్నాడు. స్టాన్లీ చొక్కా విప్పి కూర్చున్నాడు. ఇక ఈ గది తనకొక్కడికే అని అనుకున్నాడు. ఊటీలో ఆ ముసలాయన పక్కన ఎవరూ లేకుండా కూర్చుని ఉంటే ఎలా ఉండేదో ఊహించబోయాడు. ఊహ రాలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. లిల్లీ వచ్చి మేడ తలుపు వేసి, గడియ పెట్టింది.

"కింద ఎవరన్న వచ్చిండ్రా?" అన్నాడు స్టాన్లీ అలవాటుగా.

"అందరు వచ్చే ఉన్నరు. హాలు తలుపు దగ్గరికేసి వచ్చిన, సల్లదనం పోవద్దని."

"నిన్ను పిలుస్తరు."

"పిలవరు. బీపీ చూస్త రమ్మంటె రేపు చూడొచ్చన్నది మీ అక్క. సల్లగ ఉన్న కాడికెల్లి ఎవ్వరు లేస్తరు?"

స్టాన్లీ ఆమె ముఖంలోకి చూశాడు. "గందుకేనా కింద పెట్టమన్నవ్?"

"మరి? ఎవ్వలు పిలిచినా లేచి పోవుడే నా బతుకాయె. పిలిచేటోళ్లను లేవకుంట కూసోవెట్టాలంటె నాకైతె గిదొక్కటే తోచింది." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూ ఆయన పక్కన కూర్చుంది. "నువ్వేమో నిన్నటి సంది నాతోని మాట్లాడుతలేవ్."

స్టాన్లీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మస్తు ఉడ్కపోస్తుంది లిల్లీ. కిందికి పోదామా?"

"కూసో."

కూర్చున్నారు. చెమటలు కారుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి లిల్లీ తల ఆయన భుజం మీదికి ఒరిగింది. ఆ భుజం కాలుతున్నా ఆయన కదపలేదు. కింద రెండు టన్నుల ఏసీ ఊరందరినీ చల్లగా పట్టి ఉంచింది.

ఎండ తగిలే అద్దాల గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలని ఎవరడిగినా, రెండు టన్నులు సరిగ్గా సరిపోతుందని, నమ్మకపోతే స్టాన్లీ కాకను అడగమని దత్తు ఇప్పటికీ చెబుతుంటాడు. కాకపోతే దాన్ని కింది అంతస్తులో బిగించుకోవాలట.